1892 కరపత్రం కేసు మీద నవల: ప్రేమకథ ఎవరిది కావాలి?

పాతబస్తీ_పావురం
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి పోవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు. పగలు మాదాపూర్‌లో ఉద్యోగం, రాత్రి నవల. రెండేళ్లయింది. నాలుగో అధ్యాయం దగ్గర బండి దిగబడింది, అందుకే మీ ముందుకొచ్చాను.

కథకి ఆధారం నిజంగా జరిగిన కేసు. 1892 ఏప్రిల్‌లో మన హైదరాబాద్‌లో పేరూ ఊరూ లేని ఇంగ్లీషు కరపత్రం ఒకటి చేతులు మారింది. నిజాం ప్రభుత్వంలో హోం సెక్రటరీగా ఉన్న మెహదీ హసన్ మీద, ఆయన భార్య ఎలెన్ డొనెల్లీ మీద. ఆయన లక్నో నుంచి వచ్చిన ముస్లిం, ఆమె ఐరిష్ మూలాలున్న మనిషి. ఆమె లక్నోలో ఒళ్లమ్ముకుని బతికిందనీ, ఇద్దరికీ అసలు పెళ్లే కాలేదనీ అందులో రాశారు. అంతకు నాలుగేళ్ల ముందే లండన్ వెళ్లి విక్టోరియా రాణిని చూసొచ్చిన జంట వాళ్లు. మెహదీ హసన్ ఊరుకోలేదు. మిత్రా అనే ఆయన అచ్చు వేయించాడంటూ బ్రిటిషు వాళ్ల రెసిడెన్సీ కోర్టుకెక్కాడు. నెలల తరబడి విచారణ, రెండువైపులా డబ్బు తిన్న సాక్షులు, చివరికి మిత్రా నిర్దోషిగా బయటపడ్డాడు. రాసిందెవరో తేలనే లేదు. మెహదీ హసన్ పదవి పోయింది, 1904లో కన్నుమూశాడు. ఎలెన్ 1912లో ప్లేగుతో పోయింది.

నేను ఎలెన్, మెహదీల ప్రేమకథనే సస్పెన్స్‌గా నడిపిస్తున్నాను. 'ఆమె అలాంటిదా, కాదా' అన్నది చివర్లో తేలాలి. ఆ చివరి సన్నివేశానికి వచ్చేసరికి చెయ్యి ఆడట్లేదు. ఒక ప్రచురణకర్తకి చూపిస్తే, "ఆమె అబద్ధం చెప్పిందని ట్విస్ట్ పెట్టండమ్మా, జనం ఎగబడి కొంటారు" అన్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రి ఒక్క అక్షరం రాయలేదు. మీరైతే ఏం చేస్తారు?

మోండా_మార్కెట్
అక్కా, కథ జబర్దస్త్ ఉంది. గా పబ్లిషర్ మాట మాత్రం ఇనకు. గాయన చెప్పినట్టు రాస్తే నువ్వు 1892 కరపత్రాన్నే మళ్ల అచ్చేసినట్టైతది.

చింతచెట్టు_నీడ
మోండా మార్కెట్ తమ్ముడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. నేను బళ్లో చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ని, నాలుగు ముక్కలు ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

అమ్మా, ఆ కేసులో నెలల తరబడి అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: ఆమె ఎలాంటిది? వకీళ్లు అదే అడిగారు, పత్రికలు అదే రాశాయి, విందుల్లో అదే ముచ్చట. మీ నవల కూడా ఆ ప్రశ్నతోనే పాఠకుడి చేత పేజీలు తిప్పిస్తే మీరూ ఆ వరసలో నిలబడ్డట్టే. తేలాల్సింది ఆమె సంగతి కాదు, ఆ కాగితం వెనకున్న చెయ్యి. సస్పెన్స్ అక్కడ పెట్టండి.

ఇక ఊరి సంగతి. అప్పట్లో ఇక్కడ రెండు రాజ్యాలు నడిచేవి. మొన్నటిదాకా కోఠీ ఉమెన్స్ కాలేజీగా ఉండి 2022లో మహిళా యూనివర్సిటీ అయిందే, అదే ఆనాటి రెసిడెన్సీ, అంటే బ్రిటిషు ప్రతినిధి ఉండే చోటు. దాని చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు, అంటే మన సుల్తాన్ బజార్ ప్రాంతం, బ్రిటిషు వాళ్ల చేతిలో ఉండేవి. అవి తిరిగి నిజాం చేతికొచ్చింది 1933లో. అంటే 1892లో ఒక మనిషి నాలుగు గల్లీలు దాటితే చట్టం మారిపోతుంది, కోర్టు మారిపోతుంది. సస్పెన్స్ రాసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? దొంగ అడవిలోకి పారిపోనక్కర్లేదు, రోడ్డు దాటితే చాలు.

సీరియల్_పిచ్చి
నాకు చరిత్ర రాదు, వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినదాన్ని. పాఠకురాలిగా చెప్తున్నా. ముగింపు నిజ జీవితంలో ముందే రాసుంది కదా, ఇద్దరూ చితికిపోయారని. అలాంటప్పుడు 'వీళ్లు ఒకటవుతారా' అనే ఆత్రం నాకెక్కడినుంచి వస్తుంది? ప్రేమ కల్పిత పాత్రలకి ఇవ్వండి. ఎలెన్‌ని దూరం నుంచి చూపించండి, కిటికీలో దీపంలాగా.

మా అమ్మాయి నన్ను ఈ మాటకి ఎక్కిరిస్తోంది, "కిటికీలో దీపమా, సీరియల్ డైలాగు" అని. అయినా మార్చను.

నల్లకోటు
వృత్తిరీత్యా వకీలుని. అడక్కపోయినా చెప్పడం మా జబ్బు.

జరిగిన ఘటన ఎవరి సొత్తూ కాదు, దాని మీద ఎవరైనా రాసుకోవచ్చు. ఎవరైనా చరిత్రకారుడు రాసిన వాక్యాలు మాత్రం ఎత్తకండి. రెండోది పరువు నష్టం. చనిపోయినవాళ్ల మీద ఏదైనా రాయొచ్చని చాలామంది అనుకుంటారు. పాత ఐపీసీ 499లో ఉన్న వివరణే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356లోనూ ఉంది: బతికుంటే పరువు పోయేలాంటి మాట, కుటుంబీకుల మనసు నొప్పించాలనే ఉద్దేశంతో పోయినవాళ్ల మీద అన్నా అది పరువు నష్టమే. 130 ఏళ్ల నాటి కేసుకి ఆ భయం తక్కువే. కానీ ఇదే పద్ధతిలో రేపు మన కాలం నేరం ఏదైనా రాస్తే జాగ్రత్త. కోర్టు రికార్డుల్లో ఉన్నది వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 1994లో ఆటో శంకర్ కేసులో చెప్పింది, అదే తీర్పు లైంగిక నేరాల బాధితుల పేర్లకు మినహాయింపూ పెట్టింది.

చట్టం సంగతి అంతవరకే. పాఠకుడిగా నా ఓటు సీరియల్ పిచ్చి గారికే.

దక్కన్_కుర్రోడు
కరపత్రం ఎందుకండీ, జేకబ్ వజ్రం రాయండి. అదీ ఆ కాలానిదే. 1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే సిమ్లా వ్యాపారి ఆరో నిజాంకి 46 లక్షలకి వజ్రం బేరం పెట్టి, 23 లక్షలు ముందే తీసుకుని, కలకత్తా హైకోర్టు దాకా వెళ్లి నిర్దోషిగా వచ్చాడు. మధ్యలో నిజాం సొంత సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్, మన ఆబిడ్స్ ఆయన పేరే. తర్వాత ఆ వజ్రం చెప్పు ముందు భాగంలో దొరికిందట, ఏడో నిజాం కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడట. 184 క్యారెట్ల పైమాట. సినిమాకి రెడీ కథ.

సీరియల్_పిచ్చి
దక్కన్ కుర్రోడు, అందులో ఆడమనిషి ఏదీ? వజ్రాన్నే ప్రేమించాలా?

పాతబస్తీ_పావురం
వజ్రం కథ నాకూ ఇష్టమే, కానీ అందులో నష్టపోయింది డబ్బు. నన్ను కుదిపింది డబ్బు కాదు. భర్త పోయాక చేతిలో పైసా లేక, ఎలెన్ హైదరాబాద్ సర్కారుకి సాయం కోసం ఉత్తరాలు రాసుకుంది. చివరి రోజుల్లో ఏదో చిన్న భత్యం ఇచ్చారు. నేను ఈ కేసులో పడింది ఆ ఉత్తరాల గురించి చదివాకే.

సరే, ప్రేమ కల్పిత పాత్రలకే ఇస్తాను. హీరోయిన్ ఎవరు మరి? ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికొచ్చి, ఇంగ్లీషు చదవగలిగి, ఊళ్లో తిరగగలిగిన తెలుగమ్మాయి నమ్మేలా ఉండాలిగా.

మత్తుడాక్టర్
ఉంటుందమ్మా, ఎందుకుండదు. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో 1885లోనే ఆడపిల్లలు చేరారు. వాళ్లలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. క్లోరోఫాం ఇవ్వడంలో చెయ్యి తిరిగిన మనిషి, మత్తు డాక్టర్లలో ప్రపంచంలోనే తొలి మహిళ అని మేం గర్వంగా చెప్పుకుంటాం. ఆమెని పాత్రగా పెట్టకండి, ఆమె తర్వాతి బ్యాచీలో చదువుతున్న కల్పిత అమ్మాయిని పెట్టండి.

ఇంకొకటి. సస్పెన్స్ నవలల్లో నాకు ఒళ్లు మండేది ఆ రుమాలు. ముక్కు దగ్గర పెట్టగానే మనిషి దబ్బున పడిపోతాడు. నలభై ఏళ్లు మత్తిచ్చాను, అలా ఎవరూ పడరు. క్లోరోఫాంకి నిమిషాలు పడుతుంది, ఈలోగా మనిషి గింజుకుంటాడు, దగ్గుతాడు, అరుస్తాడు. మీ నవల్లో ఆ రుమాలు కనబడితే నేను పుస్తకం మూసేస్తాను.

కానీ అసలు క్లోరోఫాం కథ మన ఊళ్లోనే ఉంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపించాడు. రెండోదానికి లాన్సెట్ పత్రిక తన మనిషిని పంపడానికి నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. కుక్కల మీదా కోతుల మీదా వందల ప్రయోగాలు చేసి లారీ తేల్చింది ఇది: క్లోరోఫాం గుండెని ఏమీ చెయ్యదు, ఊపిరి చూసుకుంటే చాలు. ఊపిరి చూడమనడం మంచి మాటే. గుండెకి భయం లేదనడమే తప్పు. సగం మత్తులో ఉన్న మనిషి భయంతో గింజుకుంటే ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్ని గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే ఆయన చూపించాడు. 1892లో ఆ సంగతి ఎవరికీ తెలీదు.

ఇప్పుడు చూడండి. కరపత్రం గుట్టు తెలిసిన ఒక సాక్షిని చంపాలని కాదు, నోరు మూయించాలని ఎవడో క్లోరోఫాం పట్టాడు. ఆ మనిషి పెనుగులాడాడు, పోయాడు. శవాన్ని చూసిన డాక్టర్లు "క్లోరోఫాం గుండెని ఆపదు, ఇది సహజ మరణం" అంటారు. ఊరి సిద్ధాంతమే హంతకుణ్ని కాపాడుతుంది. మీ అమ్మాయి ఒక్కతే ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి ఇలాంటిది ఇంతకుముందు చూసింది. ఎవరికి చెప్తుంది? లారీ శిష్యుడికా?

మోండా_మార్కెట్
డాక్టర్ సాబ్, మీరే రాయరాదు!

చింతచెట్టు_నీడ
అద్భుతం. ఒక సవరణ: ఆస్పత్రి పేరు ఉస్మానియా అని రాయకండి. అప్పుడు మూసీ ఒడ్డున ఉన్నది అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. అది 1908 వరదలో దెబ్బతింది. ఆ రోజు సుమారు 150 మంది ప్రాణాలు నిలిపిన చింతచెట్టు ఇప్పటి ఆస్పత్రి ఆవరణలో ఉంది. నా పేరు దాని నుంచే.

సీసపు_అక్షరం
నాకు టైపు చేసుడు సరిగ రాదు, మా మనవడు కొడుతున్నడు. తప్పులుంటే వానివి.

సుల్తాన్ బజార్ దిక్కు ఒక ప్రెస్సుల ఇరవై రెండేండ్లు కంపోజింగ్ చేసిన. ఆఫ్‌సెట్లు వచ్చినంక బంద్ అయింది. కరపత్రం కరపత్రం అంటున్నరు గానీ అది చేసినోడు ఒకడుంటడు కదా? రాసినోడు కాదు, అక్షరాలు పేర్చినోడు.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లీషు బిల్లు బుక్కులు, పెండ్లి పత్రికలు వేలల్ల చేసిన. ఎడమచేతిల స్టిక్కు, అంటే అక్షరాలు పేర్చే పట్టె, ముందర కేసు, అంటే అక్షరాల గడుల పెట్టె. కాపీల, అంటే రాసిచ్చిన కాగితంల, ఏ అక్షరముంటె గా గడిలకెల్లి తీసి పెట్టుడే. అక్షరం తలకిందులు ఉంటది, దాని ఒంటి మీద గాటు ఉంటది, నిక్కు అంటం, అది పైకి ఉండాలె. చిన్న బీ, చిన్న డీ, పీ, క్యూ నాలుగు ఒక్కతీరే కండ్లను మోసం చేస్తయి, కొత్తల వాటికే తన్నులు తిన్న. తెలుగు కేసుల ఒత్తులు, గుణింతాలు కలిసి లెక్కలేనన్ని గడులు. దాని ముంగట ఇంగ్లీషు పిల్లల ఆట. అర్థం తెల్వకున్నా చెయ్యి ఉరుకుతది.

ఒకసారి ఇంగ్లీషుల చిన్న నోటీసు చేసిన. ఒక్క తప్పు లేదని ఓనరు చాయ్ తాపిండు. రెండు దినాల తరువాత తెలిసింది, అది మా గల్లీల పిల్లను ఆమె మొగడు విడిచిపెడుతున్నట్టు ఇచ్చిన నోటీసు. ఆ పిల్ల పొద్దుగాల నన్ను 'బాబాయ్' అని పిలుస్తుండె. నేను ఎవ్వరికీ చెప్పలె. ఇయ్యాల మీకు చెప్తున్న.

పాతబస్తీ_పావురం
బాబాయ్ గారూ (మీరేమీ అనుకోకపోతే అలాగే పిలుస్తాను), మీ పోస్టు ఆఫీసు బస్సులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

హీరో దొరికాడు. వరంగల్ నుంచి పని కోసం వచ్చిన తెలుగు కంపోజిటర్. ఇంగ్లీషు రాదు. రాత్రి పూట డబుల్ కూలికి ఒక కాగితం కంపోజ్ చేశాడు. అది ఏంటో అతనికి తెలీదు.

సీరియల్_పిచ్చి
హమ్మయ్య! ఇన్ని పోస్టులకి ప్రేమ మొదలైంది. ఇక ఎవరూ మధ్యలో దూరకండి, నేను చెప్తాను.

కరపత్రం వల్ల ఊరు అట్టుడుకుతోంది. ఇతనికి అనుమానం. దాచుకున్న ప్రూఫు కాగితం ఒకటి ఉంది, చదివిపెట్టే మనిషి కావాలి. మెడికల్ స్కూల్ అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. "ఎక్కడో దొరికింది" అన్నాడు, అదే మొదటి అబద్ధం. ఆమె చదువుతూ తెలుగులో చెప్తోంది. రెండో పేరా దగ్గర ఆగిపోయింది. ఆ మాటల్ని ఒక మగాడి ముందు తెలుగులో ఎలా పలకాలి? ఆ మౌనంలోనే అతనికి అర్థమైపోయింది, తన చేతులు ఏం చేశాయో. ప్రేమ అక్కడ పుట్టాలి, సిగ్గులో.

ఆ తర్వాత సస్పెన్స్ మొత్తం ఇదే: అతనే పేర్చాడని పాఠకుడికి తెలుసు, ఆమెకి తెలీదు. ఇద్దరూ కలిసి రాసిన చెయ్యి కోసం వెతుకుతుంటారు. వెతికేకొద్దీ ఆమె అతని దగ్గరికే వస్తోంది.

నల్లకోటు
ఇది బాగుంది. చట్టం కంటితో కూడా. పేర్చినవాడు ముద్దాయా, సాక్షా? అర్థం తెలియకుండా చేశానని అతను చెప్తే నమ్మేదెవరు? ప్రాసిక్యూషన్‌కి దొరికితే బంగారం లాంటి సాక్షి, అవతలివాళ్లకి దొరికితే ప్రాణం మీదికొస్తుంది. రెండువైపులా అతన్ని కొనాలని చూస్తారు.

చింతచెట్టు_నీడ
కొనడం అంటే గుర్తొచ్చింది. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవాళ్లు, దాని విలువ ఎక్కువ. మా తాత ఏదైనా గట్టి వస్తువుని "కల్దారు లాంటిది" అనేవాడు. మీ కుర్రాడికి కూలి హాలీలో వస్తుంది. ఆ రాత్రి పనికి మాత్రం చేతిలో కల్దార్లు పడ్డాయి. ఎందుకు? డబ్బు ఎటువైపు నుంచి వచ్చింది? మొదటి అధ్యాయంలోనే ఆ నాణెం గల్లుమనాలి.

మోండా_మార్కెట్
అక్కా, నాలుగు మాటలు. నువ్వు ఇంతకుముందు వేరే గ్రూపుల పెట్టిన శాంపిల్ చదివిన. అండ్ల హీరో కాచిగూడ స్టేషన్ల దిగిండు. గా స్టేషన్ కట్టింది 1916ల. సికింద్రాబాద్‌ల దింపు, రైలు 1874 నుంచి ఉంది, వరంగల్ మీదకెల్లి బెజవాడ దాకా 1889 కల్లా పట్టాలు పడ్డయి. మూసీ ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనబడ్డయన్నవు, అప్పటికి పునాది కూడ లేదు. ఇగ అసలుది: హీరోయిన్ చాయ్‌ల ఉస్మానియా బిస్కెట్ ముంచింది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911ల. బిస్కెట్ ఎవరు చేసిన్రు అక్కా, జ్యోతిష్యుడా?

పాతబస్తీ_పావురం
పరువు తీశావు తమ్ముడూ. బిస్కెట్ తీసేశాను. గుమ్మటాలు కూడా.

బాబాయ్ గారూ, ఒక సందేహం. వాళ్లిద్దరూ ఆ ప్రెస్సు ఫలానాదని ఎలా రుజువు చెయ్యాలి? అచ్చయ్యాక అక్షరాలు విప్పేస్తారు కదా, సాక్ష్యం మిగలదు.

సీసపు_అక్షరం
మిగులుతది బిడ్డా. ఫారం, అంటే అచ్చుకు బిగించిన అక్షరాల పేజీ, విప్పినంక అక్షరాలను మళ్ల గడులల్ల ఏస్తం, దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటం. సీసం మెత్తగుంటది. కింద పడ్డా, గట్టిగ బిగించినా అంచు ఇరుగుతది. ఇరిగిన అక్షరం పారెయ్యాలె, కానీ ఓనర్లు పారెయ్యనియ్యరు, కొత్తది కొనాలంటే పైసలు కదా. గసుంటి చిన్న 'జీ' ఒకటి మా కేసుల ఉండె, తోక సగమే. ఏడాది తరువాత గూడ అది ఎవరి పెండ్లి పత్రికలనో తేలుతుండె. నేను చూడంగనే గుర్తువడుదు, సుట్టం కనబడ్డట్టు.

మీ పోరడు కూడ గట్లనే. కోర్టుకు అక్కెర లేదు. ఆ పిల్ల ఒకనాడు ఇంగ్లీషు పెండ్లి పత్రిక ఒకటి చూస్తది, కరపత్రంల ఉన్న అదే ఇరిగిన జీ అండ్ల ఉంటది. పత్రిక కింద ప్రెస్సు పేరుంటది. ఇతను పనిచేసే ప్రెస్సు.

మత్తుడాక్టర్
రోగి పళ్ల వరస చూసి మనిషిని గుర్తుపట్టినట్టు. వారెవ్వా.

సీరియల్_పిచ్చి
ఆ పత్రిక ఆమె పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ఇంటిదైతే? అబ్బా, ఈ రాత్రి నాకు నిద్ర లేదు.

దక్కన్_కుర్రోడు
ఒప్పుకుంటున్నా, వజ్రం కంటే ఇదే బాగుంది. ఎలెన్ మాటేంటి మరి? పూర్తిగా కిటికీలోనేనా?

పాతబస్తీ_పావురం
ఒక్క సన్నివేశంలో కనిపిస్తుంది. మేనాలోంచి దిగుతూ. ఆమె మాట్లాడదు, ఆమె తలలో ఏముందో నేను రాయను. మిగతా పుస్తకమంతా ఆమె గురించి మాట్లాడేవాళ్లే ఉంటారు, అసలు కేసులో ఉన్నట్టే.

మొదటి పేజీ మళ్లీ రాశాను. మొహమాటం లేకుండా చెప్పండి:

"కాపీ ఇచ్చినవాడు దీపానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎనిమిదో వరుసలో చిన్న జీ ఒకటి వేలికి గరుకుగా తగిలింది. తోక విరిగింది. రాజయ్య దాన్ని పక్కన పెట్టబోయి, గడిలో ఇంకొకటి లేక, అదే పెట్టేశాడు. వరుస నిండింది. అద్దంలో చూసినట్టు కుడి నుంచి ఎడమకి ఒకసారి చదువుకున్నాడు. చదవడమంటే అతనికి లెక్కపెట్టడమే. మనిషి వెళ్తూ బల్ల మీద పెట్టిన రూపాయలు మోగిన తీరు వేరుగా ఉంది. కల్దార్లు."

సీరియల్_పిచ్చి
రెండో అధ్యాయం ఎప్పుడు?

సీసపు_అక్షరం
మంచిగుంది బిడ్డా. మా మనవడు రెండుసార్లు చదివి వినిపిచ్చిండు. ఒక్క తప్పుంది. కుడి నుంచి ఎడమకు చదవం. అద్దంల లెక్క చదివేది బయటోళ్లు, ప్రెస్సు చూడనీకి వచ్చినోళ్లు. మేము తలకిందులు చదువుతం, ఎడమ నుంచి కుడికి. రాజయ్య నిక్కు మీద బొటనవేలు ఆడిస్తడు, అన్ని గాట్లు ఒక్క వరుసల తగిలితే సరిగున్నట్టు. అది పెట్టు. ఆయితారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కాడికి వస్తా, నా స్టిక్కు ఇంక ఇంట్ల ఉంది, తెస్తా. పట్టుకొని చూస్తే ఎరికైతది.

పాతబస్తీ_పావురం
పదింటికల్లా వస్తాను బాబాయ్. ఆ వాక్యం ఇప్పుడే కొట్టేశాను.